తాళాలు ఎవరి దగ్గర? తాగినవారిని క్షేమంగా ఇల్లు చేర్చడానికి సమగ్ర మార్గదర్శి

నేను మందు ముట్టను. అందులో గొప్పేమీ లేదు, ఒంటికి పడదు, అంతే. దానివల్ల ఏళ్ల తరబడి నాకు ఒక ఉద్యోగం ఖాయమైపోయింది: విందు ముగిశాక అందరినీ ఇళ్ల దగ్గర దింపడం. ఆ ఉద్యోగానికి జీతం లేదు, సీటు మీద వాంతులు మాత్రం ఉంటాయి. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒక్కటే. తాగి బండి నడిపేవారిలో ఎక్కువమంది దుర్మార్గులు కారు, తెలివితక్కువవాళ్లూ కారు. ఇంటికి ఎలా వెళ్లాలన్న ప్రశ్న వాళ్లకు వేళ కాని వేళలో ఎదురవుతుంది. రాత్రి పదకొండున్నరకు, నాలుగో గ్లాసు ఖాళీ అయ్యాక, చెప్పులు వెతుక్కుంటూ ఆలోచించడం మొదలుపెడతారు. అప్పటికే ఆలోచించాల్సిన బుర్ర సెలవు మీద వెళ్లిపోయి ఉంటుంది. ‘నడపగలవా?’ అని తాగినవాడిని అడగడం, ‘నిద్రపోయావా?’ అని నిద్రపోతున్నవాడిని అడగడం లాంటిది. జవాబు వచ్చినా దాన్ని నమ్మడానికి వీల్లేదు.

అందుకే కింద చెప్పే అడుగులన్నిటి వెనకా ఉన్న పని ఒక్కటే: ఆ నిర్ణయాన్ని తాగిన బుర్ర నుంచి తీసి తాగని బుర్రకు అప్పగించడం. ఆ తాగని బుర్ర మీ స్నేహితుడిది కావచ్చు, విందు ఇచ్చేవారిది కావచ్చు, సాయంత్రం ఆరింటికి ఇంకా ఏమీ తాగని మీదే కావచ్చు.

ముందుగా ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఈ లెక్కలు తెలియకపోతే మిగతాదంతా నీతిబోధలా వినిపిస్తుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో, సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటే, సుమారు 20 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 25 గ్రాములకు పైగా ఉంటుంది. అదే సీసా 8 శాతందైతే 41 గ్రాములు, అంటే రెండు పెద్ద పెగ్గులతో సమానం. ‘బీరే కదా’ అనే మాట ఇక్కడే కూలిపోతుంది. సీసా ఏదైనా లెక్క ఒకటే: మిల్లీలీటర్లను శాతంతో గుణించి, వందతో భాగించి, దాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి.

మింగిన మద్యంలో కొంత కడుపులో, చాలా భాగం చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. రక్తంలో మద్యం పతాకస్థాయికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుంది. నిండు కడుపుతో తాగితే ఇంకా ఆలస్యం కావచ్చు. దీని అర్థం ఏమిటంటే, చివరి గ్లాసు తాగిన వెంటనే లేచి బయలుదేరిన మనిషికి గుమ్మం దగ్గర ఉన్న మత్తు కంటే సగం దారిలో ఉండే మత్తు ఎక్కువ. తాళం తిప్పేటప్పుడు ‘బాగానే ఉన్నాను’ అన్నది నిజమే కావచ్చు. పది కిలోమీటర్ల తర్వాత అది నిజం కాదు.

ఎక్కేటప్పుడు ఉన్న తొందర దిగేటప్పుడు ఉండదు. కాలేయం తన వేగంతో తాను పనిచేస్తుంది: రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. మనిషిని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది, అంతే. కాఫీ ఆ వేగాన్ని పెంచదు, చన్నీటి స్నానం పెంచదు, నిమ్మరసం, మజ్జిగ, చల్లగాలి, చెమటలు పట్టేలా నాట్యం, ఏదీ పెంచదు. కాఫీ తాగించిన మనిషి మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, అంతకు మించి ఏమీ కాడు. వాంతి అయితే కడుపులో మిగిలింది పోతుందేమో కానీ రక్తంలోకి చేరింది తిరిగి రాదు.

ఎంత తాగితే ఎంత ఎక్కుతుందో చెప్పే సూత్రాన్ని స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్మార్క్ గత శతాబ్దం తొలి సగంలోనే రూపొందించాడు. గ్రాములను కిలోల్లో శరీర బరువుతోనూ, శరీరంలో నీటి పాలును సూచించే ఒక అంకెతోనూ భాగించి, వందతో గుణిస్తే, రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ఇకపై చెప్పే మిల్లీగ్రాములన్నీ ఈ కొలతలోనే. ఆ అంకె పురుషులకు సగటున 0.68, స్త్రీలకు 0.55. 70 కిలోల పురుషుడు మూడు పెద్ద పెగ్గులు తాగితే వచ్చేది దాదాపు 125 మిల్లీగ్రాములు. 55 కిలోల స్త్రీ అదే మూడు పెగ్గులు తాగితే దాదాపు 200. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, సమానంగా గ్లాసులు కలిపినవాళ్లే. ఇది సగటు లెక్క మాత్రమే. ‘అయితే నేను ఎంతవరకు తాగి నడపవచ్చు?’ అని వెనక నుంచి లెక్క వేసుకోవడానికి ఇది పనికిరాదు.

చట్టాల మాట వస్తే, 1936లో నార్వే రక్తంలో 50 మిల్లీగ్రాముల హద్దు పెట్టి ప్రపంచానికి దారి చూపింది. ఇప్పుడు నార్వే, స్వీడన్‌లలో హద్దు 20, భారతదేశంలో 30, ఇంగ్లండ్‌లో 80. స్కాట్లాండ్ 2014లో 50కి దించింది. అంటే రక్తంలో 70 మిల్లీగ్రాములున్న డ్రైవరు ఇంగ్లండ్ నుంచి స్కాట్లాండ్‌లోకి వెళ్లే రోడ్డు మీద, ఒక్క చుక్క కూడా అదనంగా తాగకుండా, సరిహద్దు రాయి దాటగానే నేరస్థుడవుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది సాధారణ డ్రైవర్లకు 50, కొత్తగా నడిపేవారికి 20. ఈ అంకెలన్నీ శిక్ష ఎక్కడ మొదలవుతుందో చెప్పేవి. ప్రమాదం అంతకు ముందే మొదలవుతుంది. 20 మిల్లీగ్రాముల దగ్గరే కదిలే వస్తువును కంటితో వెంబడించడం, రెండు పనుల మీద ఒకేసారి దృష్టి నిలపడం తగ్గుతాయి. బండి నడపడం అంటే ముఖ్యంగా ఆ రెండు పనులే కదా.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లకు పైగా అదనంగా దూసుకుపోతుంది. రోడ్డు దాటుతున్న మనిషికి ఆ ఎనిమిది మీటర్లే ఆయుష్షు.

‘నాకు అలవాటే’ అనేవారి గురించి ఒక మాట. అలవాటు ఉన్నవారు తూలరు, మాట తడబడదు. కానీ రక్తంలో అంకె అందరిలాగే ఎక్కుతుంది. తూలేవాడి తాళాలు ఎవరో ఒకరు లాక్కుంటారు. తూలనివాడిని ఎవరూ ఆపరు. నా లెక్కలో అందరికంటే ప్రమాదకారి ఈ రెండోవాడే.

మొదటి అడుగు: ఇంటి గుమ్మం దాటకముందే తిరుగుదారి తేల్చుకోండి

అన్నిటికంటే గట్టి ఉపాయం, అన్నిటికంటే సులువైనది: తాగే ఉద్దేశం ఉన్నరోజు బండి ఇంట్లో వదిలేయండి. బండి తీసుకెళ్లి తాగడమంటే, దొంగ చేతికి తాళాలిచ్చి ‘జాగ్రత్త’ అని చెప్పడమే. రాత్రి పదకొండున్నరకు మీకు మీరే ఆ దొంగ అవుతారు. బండి దగ్గర లేకపోతే గెలవాల్సిన వాదనే ఉండదు.

బండి వదిలినంత మాత్రాన సరిపోదు, తిరుగు ప్రయాణం కూడా కుదుర్చుకోవాలి. వెళ్లిన ఆటోవాలానో, టాక్సీ డ్రైవరునో ‘రాత్రి ఫలానా వేళకు రాగలరా?’ అని అప్పుడే అడిగి నంబరు రాసుకోండి. చివరి బస్సు, చివరి రైలు వేళలు తెలుసుకోండి. తిరుగు ప్రయాణపు డబ్బు వేరుగా, ముట్టుకోని జేబులో పెట్టుకోండి. ఫోను పూర్తిగా చార్జింగ్ చేయండి, అర్ధరాత్రి బండి పిలవాల్సిన వేళకే అది ఆరిపోతుంది. ఇంటి చిరునామా ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచండి. ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. సొంత వీధి పేరు మరిచిపోయిన మనిషిని వెనక సీట్లో పెట్టుకుని గంటసేపు తిరిగినవాడిగా చెబుతున్నాను.

దూరపు ఊళ్లో విందు అయితే అక్కడే పడుకునే ఏర్పాటు అడగండి. టూత్ బ్రష్షు, మర్నాటి బట్టలు వెంట ఉంటే ‘పడుకుని వెళ్లండి’ అన్నప్పుడు మొహమాటం సగానికి సగం తగ్గుతుంది.

మందులు వాడుతున్నారా? నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, జలుబుకు, ఎలర్జీకి వాడే మత్తు కలిగించే మాత్రలు, బలమైన నొప్పి మందులు, వీటిలో ఏది మద్యంతో కలిసినా ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కాదు, నాలుగు అవుతుంది. ఆ రోజు గ్లాసు ముట్టుకోకపోవడమే మంచిది.

రెండో అడుగు: నడిపే మనిషిని మొదటి గ్లాసుకు ముందే ఎంచుకోండి

బృందంగా వెళ్తే ఒకరు తాగకుండా ఉండి అందరినీ దింపడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఉత్తర ఐరోపా దేశాల్లో వేళ్లూనుకున్న ఈ అలవాటును అమెరికాలో ఇంటింటికీ తీసుకెళ్లింది 1988లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ప్రచారం. టీవీ ధారావాహికల రచయితలను ఒప్పించి, పాత్రల చేత ‘డిజిగ్నేటెడ్ డ్రైవర్’ (ముందే ఎంచుకున్న డ్రైవరు) అన్న మాట అనిపించారు. బెల్జియం వాళ్లు 1995లో ఇంకో అడుగు ముందుకేసి, ఆ మనిషికి ‘బాబ్’ అని పేరే పెట్టారు. ‘ఈ రాత్రి బాబ్ ఎవరు?’ అని అడిగితే చాలు. ఎందుకు తాగడం లేదో ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మీ బృందంలో కూడా ఆ పాత్రకు ఒక పేరు పెట్టండి. పేరున్న పనిని తప్పించుకోవడం కష్టం.

ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. విందు చివర్లో చుట్టూ చూసి ‘మనలో తక్కువ తాగింది ఎవరు?’ అని వెతుకుతారు. తక్కువ తాగినవాడు నడిపేవాడు కాదు, తక్కువ తాగినవాడు మాత్రమే. నడిపేవాడు ఒక్క చుక్క కూడా తాగకూడదు. ‘మొదట్లో ఒకటి తాగి ఆపేస్తాను’ అన్న ఒప్పందాన్ని ఒప్పుకోకండి. రెండోది వద్దనాల్సిన నిగ్రహాన్ని మొదటి గ్లాసే తినేస్తుంది.

ఎంచుకున్న వెంటనే తాళాలు అతని చేతికివ్వండి. మాటతో కాదు, నిజంగా తాళాలే. లైసెన్సు ఉందా, ఆ బండి నడపడం అలవాటేనా, సీట్లు అందరికీ సరిపోతాయా అన్నది అప్పుడే చూసుకోండి. ఇంకొక విషయం చాలామందికి తట్టదు: నిద్ర. 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, 17 గంటలు వరుసగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి పనితీరుతో సమానం. పొద్దున ఆరింటికి లేచి, పగలంతా పనిచేసి, రాత్రి పదకొండుకు స్టీరింగ్ పట్టుకునే ‘బాబ్’ ఒక్క చుక్కా తాగకుండానే ఆ స్థితికి చేరతాడు. మధ్యాహ్నం ఒక కునుకు తీసినవాడిని ఎంచుకోండి.

ఈ పని ప్రతిసారీ ఒకరి మీదే పడకూడదు. వంతులు వేసుకోండి. తాగనివాడు ఉన్నాడు కదా అని ఎల్లకాలం అతన్నే డ్రైవరును చేయడం న్యాయం కాదని నా వంటివాళ్ల తరఫున మనవి. అతని భోజనం ఖర్చు మిగతావాళ్లు పెట్టుకోవాలి. ‘ఒక్క గుక్క తాగితే ఏమవుతుంది’ అని అతన్ని ఊరించేవాడిని బృందంలోంచి తీసేసినా తప్పులేదు.

మూడో అడుగు: విందు మీదైతే

పిలిచినప్పుడే చెప్పండి: ‘తాగేవాళ్లు బండి తేవద్దు, రాత్రికి పడుకోవడానికి చోటుంది’ అని. అలా చెప్పినా తెస్తారు. అందుకే గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి, లోపలికి రాగానే తాళాలు అందులో వేయించండి. వచ్చేటప్పుడు అందరూ మామూలుగా ఉంటారు కాబట్టి నవ్వుతూ వేసేస్తారు. ఆ బుట్టకు కాపలా తాగని మనిషి ఉండాలి. పోయేటప్పుడు తాళం తీసుకోవాలంటే ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడాల్సిందే. ఆ రెండు మాటల్లోనే సంగతి తెలిసిపోతుంది.

గ్లాసులు కొలిచి పోయండి. సగం ఖాళీ అయిన గ్లాసును మళ్లీ నింపే మర్యాద మానుకోండి. అలా నింపుతూ పోతే తాగేవాడికి ఎన్ని తాగాడో లెక్క తప్పుతుంది. ‘రెండే తాగాను’ అని ప్రమాణం చేసేవారిలో కొందరు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల గ్లాసు నిజంగా రెండుసార్లే ఖాళీ అయింది. భోజనం ముందే వడ్డించండి. మద్యం ఎక్కే వేగాన్ని అది తగ్గిస్తుంది, కానీ తాగినదాన్ని మాయం చేయదు. మద్యం లేని పానీయాలు మూల కాకుండా మద్యం పక్కనే, అంతే అందంగా పెట్టండి.

బయలుదేరడానికి గంట, గంటన్నర ముందు పోయడం ఆపేయండి. దీనివల్ల మత్తు దిగుతుందని కాదు, ఒక్క గంటలో దిగేదేమీ లేదు. చివరి గ్లాసు పతాకస్థాయి నడిరోడ్డు మీద కాకుండా మీ కళ్ల ముందే వస్తుంది. ఎవరిని ఆపాలో, ఎవరిని పడుకోబెట్టాలో మీకు అప్పుడు తెలుస్తుంది.

జేబులో పట్టే శ్వాస పరీక్ష పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో తన బ్రెత్ ఎనలైజర్ తయారుచేసినప్పుడు అది బల్ల మీద పెట్టుకునే పెట్టె. చౌక పరికరాలు తప్పు చూపించడం మామూలే. గ్లాసు దించిన పావుగంట లోపు ఊదితే నోట్లో మిగిలిన మద్యం వల్ల అంకె పెరుగుతుంది. సరిగ్గా చూపినా అది ఆ క్షణపు అంకె, అరగంట తర్వాతది కాదు. ఆపడానికి ఎర్రదీపంగా వాడుకోండి, ‘పోవచ్చు’ అనే పచ్చదీపంగా ఎప్పుడూ వద్దు.

నాలుగో అడుగు: తాళాలు తీసుకోవడం

అన్నీ చేసినా ఒకరు తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతారు. కష్టమైన ఘట్టం ఇదే. దీనికి సాధన కావాలి, నేర్పూ కావాలి.

మొట్టమొదట, జనం మధ్యలో అడగవద్దు. నలుగురి ముందు ‘నువ్వు తాగావు, నడపలేవు’ అంటే అది పరువు సమస్య అవుతుంది. పరువు మీదికి వచ్చాక చల్లని మనిషి కూడా పంతం పడతాడు. పక్కకు పిలవండి. పిలిచేది అతను ఎక్కువగా గౌరవించే మనిషో, ప్రేమించే మనిషో కావాలి. అందరికంటే గట్టి గొంతున్నవాడు కాదు.

రెండోది, ‘తాగావా లేదా’ అన్న చర్చలోకి దిగకండి. అందులో మీరు గెలవలేరు. ఒంటికాలి మీద నిలబడి చూపిస్తాడు, వంద నుంచి వెనక్కి లెక్కపెడతాడు, తప్పు లెక్కపెట్టి సరిగ్గా చెప్పానంటాడు. ‘నడపాలా వద్దా’ అని కూడా అడగవద్దు. ఆ ప్రశ్న అయిపోయినట్టుగా, ఎలా వెళ్లాలన్నదే మిగిలినట్టుగా మాట్లాడండి. ‘బావా, నేను దింపనా, టాక్సీ పిలవనా?’ రెండింటిలో ఏది ఎంచుకున్నా మీకు కావాల్సిందే జరుగుతుంది. మాటలు పొట్టిగా ఉండాలి. వాదన పెంచకుండా ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ అనండి. మత్తులో ఉన్న మనిషికి కొత్త తర్కం బుర్రకెక్కదు కానీ నాలుగోసారి విన్న మాటకు అలసిపోయి లొంగుతాడు.

మూడోది, అతని అసలు బాధేమిటో కనిపెట్టండి. చాలాసార్లు అది బండి. ‘ఇక్కడ వదిలేస్తే పొద్దున ఆఫీసుకు ఎలా? ఎవరైనా ఎత్తుకుపోతే?’ దానికి జవాబు చెబితే తాళాలు వాటంతట అవే చేతికి వస్తాయి. ‘లోపల పెట్టి తాళం వేస్తాను, పొద్దున ఎనిమిదికి నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను’ అనండి, అన్నాక చేయండి కూడా. ఈ బాధ ప్రపంచమంతటా ఉన్నదే. దక్షిణ కొరియా, జపాన్‌లలో ఫోను చేస్తే డ్రైవరు వచ్చి మీ కారులోనే మిమ్మల్ని, కారునూ ఇంటికి చేర్చే వ్యాపారం ఎప్పటినుంచో నడుస్తోంది. కెనడాలోని క్యూబెక్‌లో 1984లో మొదలైన ‘ఆపరేషన్ రెడ్ నోజ్’ ఇదే పనిని డిసెంబరు పండుగ రోజుల్లో వలంటీర్ల చేత చేయిస్తుంది. మీ ఊళ్లో అద్దె డ్రైవర్లు దొరికితే వాళ్ల నంబర్లు ముందే రాసి ఉంచుకోండి.

ఇవేవీ పనిచేయకపోతే కాలయాపన చేయండి. ‘భోజనం చేసి వెళ్లు’, ‘ఒక్క ఫొటో దిగుదాం’, ‘అమ్మాయి నీతో మాట్లాడాలంటోంది’ అనండి. ఈలోగా తాళాలు ‘కనిపించకుండా పోవడం’ నా అనుభవంలో చాలా ఇళ్లలో జరిగే అద్భుతం. అబద్ధం ఆడటం తప్పు కదా అని ఆ రాత్రి మాత్రం ఆలోచించకండి. ఇంకో బండిని అడ్డంగా పెట్టడం కూడా మంచి పద్ధతే.

పెనుగులాటకు మాత్రం దిగవద్దు. చేయి చేసుకునేదాకా వస్తే దూరం జరగండి. అతను బయలుదేరితే పోలీసులకు ఫోను చేసి బండి నంబరు, రంగు, వెళ్లిన దిక్కు చెప్పండి. స్నేహితుడి మీద ఫిర్యాదా అని చేతులు వెనక్కి లాగుతాయి. ఆ రోడ్డు మీద ఎదురు వచ్చేవాళ్లకు మీరు తప్ప వేరే ఆసరా లేదు. జపాన్ 2007లో చట్టం మార్చి, తాగినవాడికి బండి ఇచ్చినవారిని, నడుపుతాడని తెలిసి మద్యం పోసినవారిని, అతని పక్కన ఎక్కి కూర్చున్నవారిని కూడా శిక్షార్హులను చేసింది. నాకైతే ఆ చట్టం సబబుగానే అనిపిస్తుంది.

తాగినవాడు నడిపే బండిలో మీరే చిక్కుకుపోతే ‘వాంతి వస్తోంది, ఆపు’ అనండి. ఎంత మత్తులో ఉన్నా సొంత సీట్లను కాపాడుకోని డ్రైవరును నేను చూడలేదు. ఆపగానే దిగిపోండి, మళ్లీ ఎక్కకండి.

ఐదో అడుగు: ఇంటిదాకా చేర్చడం

తాళాలు తీసుకోవడంతో పని అయిపోలేదు. తాగిన మనిషిని ముందు సీట్లో కూర్చోబెట్టవద్దు, ఉన్నట్టుండి స్టీరింగ్ పట్టుకోవచ్చు, గేరు లాగవచ్చు. వెనక సీట్లో, నడిపేవారి వెనక కాకుండా అవతలి వైపు, సీటు బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. లోపలి నుంచి తలుపు తెరుచుకోకుండా పిల్లల కోసం ఉండే లాకు వేయండి. కిటికీ కాస్త దించండి. చేతిలో ఒక సంచీ పెట్టండి. పక్కన ఒకరు కూర్చుంటే ఇంకా మంచిది. వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లవద్దు.

ద్విచక్ర వాహనం మీద ఎక్కించుకోవడం నాకు నచ్చని పని. వెనక కూర్చునే మనిషి పట్టు సడలినా, ఒక పక్కకు ఒరిగినా ఇద్దరూ పడతారు. హెల్మెట్ పెట్టినా ఆ పట్టు తిరిగి రాదు. వేరే దారి వెతకండి.

‘దగ్గరే కదా, నడిచి వెళ్తాను’ అనేవారిని ఒంటరిగా వదలకండి. తాగి నడిచే మనిషికి రోడ్డు దాటేటప్పుడు వచ్చే బండి వేగం తెలియదు, చీకట్లో డ్రైవరుకు అతను కనిపించడు. తోడు వెళ్లండి.

టాక్సీలో పంపితే వీలైతే ఒకరు వెంట వెళ్లాలి. కుదరకపోతే బండి నంబరు ఫొటో తీసుకోండి, చిరునామా డ్రైవరుకు మీరే చెప్పండి, చేరాక ఇంట్లోవాళ్లు ఫోను చేసేలా మాట తీసుకోండి. మాట్లాడే స్థితిలో కూడా లేని మనిషిని ముక్కూమొహం తెలియని డ్రైవరుకు అప్పగించి చేతులు దులుపుకోవడం పద్ధతి కాదు. ఇంటికి చేర్చాక గుమ్మం దగ్గర వదలకుండా తలుపు లోపలికి వెళ్లే వరకు ఉండండి. మెలకువగా ఉన్న మరో మనిషికి అప్పగించడం దాకా మీ పనే.

కారులోనే పడుకుంటానంటే? చాలా దేశాల్లో తాళాలు దగ్గర పెట్టుకుని తాగిన స్థితిలో కారులో ఉండటమే నేరం కావచ్చు. మూసిన చోట ఇంజను నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణమే పోతుంది. పైగా తెల్లవారుజామున మెలకువ వచ్చి, చలి వేసి, ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని బయలుదేరతారు.

మత్తు కాదు, ప్రమాదం అని ఎలా గుర్తించాలి

‘పడుకుంటే తగ్గిపోతుందిలే’ అన్న మాట కొందరి ప్రాణం తీసింది. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుందని పైన చెప్పాను కదా, నిద్రలో కూడా అంతే.

గట్టిగా పిలిచినా, భుజం తట్టినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లకు మించి ఎడం రావడం, పెదవులు నీలంగా లేదా పాలిపోయి కనిపించడం, ఒళ్లు చల్లబడటం, మూర్ఛ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే అంబులెన్సుకు ఫోను చేయండి. అన్నీ కనిపించేదాకా ఆగకండి. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా అంతే. తాగినవాడి మగతనూ మెదడులో రక్తస్రావపు మగతనూ మీరు విడదీసి చూడలేరు.

అంబులెన్సు వచ్చేలోగా మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పై కాలు మోకాలి దగ్గర మడిచి, తల కాస్త వెనక్కి వంచి, నోరు కిందికి ఉండేలా చూడండి. వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటకు వస్తుంది. వేళ్లు పెట్టి వాంతి చేయించవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు, చన్నీళ్లు కుమ్మరించవద్దు. దుప్పటి కప్పి పక్కనే కూర్చోండి. ఎంత తాగాడో, ఏ మాత్రలు వేసుకున్నాడో వైద్యులకు దాచకుండా చెప్పండి.

లేపితే లేచే మనిషినైనా మొదటి కొన్ని గంటలు మధ్యమధ్యలో లేపి చూడండి. విసుక్కుంటాడు. విసుక్కోవడం మంచి లక్షణం.

మర్నాటి పొద్దున

రాత్రంతా ఇంత కష్టపడి, పొద్దున ఏడింటికి ‘స్నానం చేశాను, టిఫిన్ తిన్నాను’ అని తాళాలు ఇచ్చేయడం నేనూ చేసిన తప్పే. లెక్క చూడండి. 70 కిలోల మనిషి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఐదు పెద్ద పెగ్గులు తాగితే దాదాపు 100 గ్రాములు, రక్తంలో లెక్క ప్రకారం 210 మిల్లీగ్రాములు. గంటకు 15 చొప్పున దిగాలంటే 14 గంటలు కావాలి. అంటే మర్నాడు పొద్దున పదకొండు. ఏడింటికి అతనిలో ఇంకా 60 మిల్లీగ్రాములు ఉంటాయి. భారతదేశపు హద్దుకు అది రెట్టింపు. పిల్లలు బడికి వెళ్లే వేళకు రోడ్డు మీదికి వచ్చే మత్తు ఇది. నిద్ర కాలేయాన్ని తొందరపెట్టదు. సున్నాకు వచ్చాక కూడా తలనొప్పి, నిద్రలేమి మిగిలే ఉంటాయి. అందువల్ల బండి తెచ్చుకోవడం మధ్యాహ్న భోజనం తర్వాతకు వాయిదా వేయండి, లేదా తాగని మనిషి చేత తెప్పించండి.

తాళాల కోసం గొడవపడిన మనిషితో మాట్లాడాల్సింది కూడా అప్పుడే, రాత్రి కాదు. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఎన్నింటికి, ఏమన్నాడో, ఎవరు ఆపారో. తిట్టవద్దు, నవ్వులాటగా కూడా మార్చవద్దు. సగం అతనికి గుర్తుండదు కాబట్టి నిశ్శబ్దంగా వింటాడు. వచ్చేసారి ఎలా వెళ్తాడో కూడా అప్పుడే మాట్లాడుకోండి. ప్రతి విందుకూ ఇదే గొడవ అవుతుంటే సమస్య బండి నడపడం కాదు, తాగుడే. అతన్ని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చికిత్సతో పాటు బండికి ఇంటర్‌లాక్ అనే పరికరం బిగించే వీలు కొన్ని దేశాల్లో ఉంది. ఊపిరి ఊది, మద్యం లేదని తేలితేనే ఇంజను స్టార్టవుతుంది.

నా సంగతి అంటారా, వచ్చే శనివారం మా బృందంలో నా వంతు కాదు. మధ్యాహ్నం కునుకు తీయమని వంతు ఉన్నవాడికి శుక్రవారమే ఫోను చేస్తాను.